కొండ దిగే విద్య

“...నీలంగా ఉండాదా తెల్లంగా ఉండాదా అని నన్నడగతాండావే, పొగ పొగే గదప్పా. నా కారుకు పొగ ఎందుకొచ్చిందో అది జెప్పు ముందు.”

“అందుకే గదయ్యా అడిగేది. తెల్లదైతే నీళ్ళు, నల్లదైతే పెట్రోలు. నీలమంటే ఆయిలు కాలతాండాదని లెక్క. మీరు వినకుంటే నేనేం జేసేది?”

“వినేదానికి నువ్వు జెప్పిందేముందని? వారం దినాలుగా బానెట్టు తెరిచేది, మూసేది. అది మా వాచ్‌మన్ గూడా జేస్తాడు.”

పోర్టికోలో సాగుతున్న ఈ తగాదా వింటూ డ్రైవరు దొరస్వామి కారు వెనక అద్దం తుడుస్తున్నాడు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తున్నాడు. మాటల్లో తన పేరు వస్తుందేమోనని చెవి అటే వేసి ఉంచాడు. రాలేదు. కుప్పయ్య చిత్తూరులో పేరున్న మెకానిక్కు. అంత తేలిగ్గా మాట పడే మనిషి కాదు. కానీ ఎదురుగా ఉన్నది మామిడిగుజ్జు ఫ్యాక్టరీ బాలచంద్ర. కుప్పయ్య చేతులు గుడ్డకు తుడుచుకుని, ఇందులో టర్బో ఉందనీ, దాని మీద తాను చెయ్యి వెయ్యననీ, మద్రాసులో కంపెనీ వర్క్‌షాపుకు తీసుకుపోవడమే మంచిదనీ చెప్పి, సామాన్ల సంచీ భుజాన వేసుకుని గేటు దాటాడు.

బాలచంద్ర కారు చుట్టూ ఒకసారి తిరిగి, వెనక గొట్టం దగ్గర ఆగాడు. దొరస్వామి వైపు చూడకుండానే, రేపు మద్రాసు పోతున్నామని చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు.

దొరస్వామిది తిరుపతి. రైల్వే స్టేషను దగ్గర టాక్సీలు కడుగుతూ పెరిగి, మీసాలు వచ్చేనాటికి స్టీరింగు పట్టాడు. అప్పట్లో కొండ మీదికి పోయే టాక్సీలన్నీ అంబాసిడర్లే. ఎక్కేటప్పుడు నీళ్ళు మరిగి రేడియేటరు మూత ఎగిరిపడేది. పైకి చేరగానే తాళం తిప్పి, బానెట్టు ఎత్తి, ఇంజనును చల్లబడనివ్వడం అందరూ చేసే పని. దిగేటప్పుడు ఇంజను ఆపేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, వాలు మీద అలిపిరి దాకా జారిపోవడం కూడా అందరూ చేసేదే. పెట్రోలు మిగులుతుంది. కానీ ఆ పనిలో దొరస్వామికి సాటి వచ్చేవాడు లేడు. మలుపు రాకముందే వేగం ఎంత ఉండాలో అతని కాలికి తెలుసు. బ్రేకు తొక్కినట్టు వెనక కూర్చున్నవాళ్ళకు తెలిసేది కాదు. గుండు కొట్టించుకుని ఏడ్చి ఏడ్చి నిద్రపోయిన పసిబిడ్డ కూడా కింద టోల్‌గేటు దాకా కదిలేది కాదు.

ఆ విద్య చేతికొచ్చాక అతని నోటికి పట్టపగ్గాలు లేవు. మునెయ్య అని స్టాండులో ఇంకో డ్రైవరు ఉండేవాడు. భయస్థుడు. దిగినంతసేపూ బ్రేకు మీదనే కాలు పెట్టి, కిందికి వచ్చేసరికి చక్రాల నుంచి కమురు కంపు తెచ్చేవాడు. దొరస్వామి అతనికి కుంపటి అని పేరు పెట్టాడు. మునెయ్య బండి దగ్గరికి యాత్రికులు వచ్చి బేరమాడుతుంటే, చలి కాచుకోవాలంటే ఆ బండెక్కండని అరిచేవాడు. స్టాండంతా నవ్వేది. యాత్రికులకు మాట అర్థం కాకపోయినా నవ్వు అర్థమయ్యేది. పక్క బండి ఎక్కేవారు. మునెయ్య ఒకరోజు టాక్సీ ఓనరుకు అప్పగించి గోవిందరాజస్వామి గుడి వీధిలో తలనీలాల బ్లేళ్ళు అమ్ముకోవడానికి కూర్చున్నాడు. అక్కడికి కూడా పోయి దొరస్వామి, కుంపటీ, ఒక బ్లేడియ్యి అని అడిగి వచ్చేవాడు.

బాలచంద్ర అతన్ని చూసింది అలాంటి ఒక దిగుడులోనే. వెనక సీట్లో కునుకు పట్టి, అలిపిరిలో మెలకువ వచ్చి, కొండ ఎప్పుడు దిగినామని అడిగాడట. ఆ నెలలోనే దొరస్వామి భార్య చెంగమ్మనూ సామానునూ చిత్తూరు తెచ్చుకుని, ఫ్యాక్టరీ వెనక వీధిలో కాపురం పెట్టాడు. ఆ తరవాత బాలచంద్ర కార్లు మార్చాడు గానీ డ్రైవరును మార్చలేదు. ప్రతి శనివారం కొండ. ప్రతి శనివారం ఆ చప్పుడు లేని దిగుడు. కొత్త కార్లలో ఇంజను ఆగితే రెండు తొక్కుళ్ళకు బ్రేకు బండరాయి అవుతుంది. కాలి బలమంతా పెట్టి తొక్కాలి. అలా తొక్కీ తొక్కీ దొరస్వామి కుడి మోకాలు అరిగిపోయింది. మెట్టు ఎక్కితే లోపల ఇసుక నలిగినట్టు ఉంటుంది. ఆ సంగతి చెంగమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

రెండేళ్ళ కిందట ఈ కారు వచ్చింది. పరాయి దేశపు కంపెనీ, పెట్రోలు బండి, టర్బో. జిల్లాలో అలాంటిది ఇంకొకటి లేదని బాలచంద్ర నమ్మకం. ఇంజను వదిలిన వేడి గాలే ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుందట. ఆ చక్రం బయటి గాలిని ఒత్తి మళ్ళీ ఇంజనులోకే తోస్తుందట. అందుకే ఆ లాగుడు. అక్కడి నుంచి పొగ కారు కింద ఉన్న ఒక ఉక్కు డబ్బాలోకి పోతుంది. లోపల తేనెపట్టు లాంటి పింగాణి దిమ్మె. దాని సందుల్లో విషమంతా విరిగిపోయి, గొట్టం కొసకు వచ్చేసరికి వట్టి ఆవిరీ వేడిగాలీ మిగులుతాయి. ఇవన్నీ కారు ఇచ్చిన రోజున కంపెనీ మనిషి బాలచంద్రకు వివరంగా చెప్పాడు. అప్పుడు దొరస్వామి అక్కడ లేడు. పూజకు నిమ్మకాయలూ బూడిద గుమ్మడికాయా తెమ్మని బాలచంద్ర అతన్ని బజారుకు పంపాడు.

చెప్పినవాటిలో బాలచంద్రకు నచ్చింది చివరి ముక్క. ఇంటికి ఎవరు వచ్చినా కాఫీ అయ్యాక పోర్టికోలోకి తీసుకువచ్చి కారు స్టార్టు చేయించేవాడు. దొరస్వామి వెనక మోకాళ్ళ మీద కూర్చుని, ఉతికిన తెల్ల రుమాలు గొట్టానికి అడ్డం పట్టాలి. కాసేపటికి తీసి చూపించాలి. రుమాలు చెమ్మగా ఉండేది, మరక ఉండేది కాదు. అప్పుడు బాలచంద్ర, వాసన చూడు దొరస్వామీ, ఏమొస్తాంది అని అడిగేవాడు. దొరస్వామి గొట్టం దగ్గర ముక్కు పెట్టి, ఏం రావడం లేదని చెప్పాలి. వచ్చినవాళ్ళు నవ్వేవారు. మనిషి కారు వెనక ముక్కు పెట్టడం చూసి నవ్వుతున్నారో, వాసన లేదని నవ్వుతున్నారో అతను ఆలోచించలేదు. కారు తాళం తన జేబులో ఉంది. లేచేటప్పుడు మోకాలు పట్టేస్తే బంపరు పట్టుకుని లేచేవాడు.

టర్బో సంగతి అతనికి ఎవరూ చెప్పలేదనడానికి లేదు. నరేంద్ర చెప్పాడు. నరేంద్ర ఫ్యాక్టరీ లారీ తోలేవాడు. ఆ లారీకీ టర్బో ఉంది. ఘాటు రోడ్డు ఎక్కిన ఊపు మీద ఇంజను ఆపకూడదనీ, కొంచెం సేపు ఊరికే తిరగనిచ్చి ఆపాలనీ, లేకుంటే లోపల ఆయిలు మాడిపోతుందనీ ఫ్యాక్టరీ గేటు దగ్గర మర్యాదగానే చెప్పాడు. కాయలు దించే కూలీలు పదిమంది చుట్టూ ఉన్నారు. దొరస్వామి వాళ్ళ వైపు తిరిగి అన్నాడు.

“విన్నారా అబ్బా. ఇంజను పండుకోవల్లంటే జోలపాట పాడాలంట. నువ్వు పాడు నరేంద్రా, నేను ఊపతా.”

ఆ మామిడి సీజను పొడుగునా నరేంద్ర లారీ ఆపేముందు ఇంజను తిరగనిస్తే, కూలీలు తట్టలు పట్టుకుని జోజో అంటూ నిలబడేవారు. నరేంద్ర తల దించుకుని, ఇంజను తిరగాల్సినంత సేపూ తిరగనిచ్చే ఆపేవాడు.

నీలం పొగ మొదట కనబడింది గూడూరు నుంచి నిమ్మకాయల వ్యాపారులు వచ్చిన రోజున. బాలచంద్ర వాళ్ళకు రుమాలు చూపించబోయాడు. గొట్టం మీద నుంచి తీసిన రుమాలులో నల్లటి జిడ్డు వలయం. గాలిలో కాలిన నూనె కంపు. దొరస్వామి వాసన చూశాడు గానీ, ఏం రావడం లేదని చెప్పలేకపోయాడు. వచ్చినవాళ్ళలో పెద్దాయన, మా నిమ్మకాయల లారీ ఇంతకంటే నయమే అన్నాడు. బాలచంద్ర నవ్వాడు. ఆయన నవ్వినప్పుడు పళ్ళు కనబడకపోతే ఇంట్లోవాళ్ళు ఆ పూట ఆయన ఎదుట పడరు.

మద్రాసులో వర్క్‌షాపు ఆసుపత్రిలాగా తెల్లగా ఉంది. బాలచంద్రను గాజు గదిలో కూర్చోబెట్టారు. దొరస్వామి బయట నిలబడి, కారును పైకెత్తి పొట్ట విప్పుతుంటే చూస్తూ ఉన్నాడు. మధ్యాహ్నానికి బాలసుబ్రమణ్యం అనే ఇంజనీరు అతని దగ్గరికి వచ్చాడు. నడివయసు మనిషి, నుదుట విభూతి. అరవంలో ఊరూ పేరూ అడిగాడు. వారం వారం తిరుమల పోతారని విని చేతులు జోడించాడు. తన పిల్లలిద్దరి తలనీలాలూ అక్కడే ఇచ్చాననీ, ఆ మలుపులు తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుందనీ, ఆ ఘాట్లో ఇంత బరువు బండిని ఎలా తోలుతున్నావనీ అడిగాడు.

అంత చదువుకున్న మనిషి తనను అలా అడగడం దొరస్వామికి బతుకులో అదే మొదలు. మొత్తం చెప్పాడు. చేతులు తిప్పుతూ, మలుపు వచ్చినచోట ఒళ్ళు వంచుతూ చెప్పాడు.

“పైకి పోతానే ఆపేస్తా సార్. ఒక్క చణం తిరగనీను. దిగేటప్పుడు గేటు దాటినాక తాళం ఒక్క మెట్టు వెనక్కి. మొత్తం తిప్పితే స్టీరింగు బిగుసుకుంటాది, ఒక్క మెట్టే. న్యూట్రలు. ఇంక అలిపిరి దాకా చప్పుడుండదు. కింద తాళమేసి మూడో గేర్లో క్లచ్చి వదిల్తే, జర్కిచ్చి లేస్తాది. పెట్రోలు సుక్క కాలదు.”

“వారం వారమూ ఇంతేనా?”

“శనివారమన్నా తప్పతాది గానీ నేను తప్పను సార్.”

బాలసుబ్రమణ్యం మంచిదని తల ఊపి, అతని భుజం తట్టి, గాజు గదిలోకి వెళ్ళాడు.

కాసేపటికి ఇద్దరినీ కారు దగ్గరికి పిలిచాడు. బల్ల మీద నత్తగుల్ల ఆకారంలో ఒక ఇనుప ముద్ద ఉంది. దాని లోపలి ఇరుసును వేలితో కదిపితే ఊగిసలాడింది. ఘాటు ఎక్కి వచ్చిన వెంటనే ఈ చక్రం నిప్పుకణికలాగా ఉంటుందనీ, ఆయిలు పారుతున్నంతసేపే దీనికి ప్రాణమనీ అతను చెప్పాడు. ఇంజను ఆపితే ఆయిలు ఆగుతుంది. ఆగిన ఆయిలు ఆ వేడికి అక్కడే మాడి బొగ్గయిపోతుంది. వారం వారం మాడిన బొగ్గు ఇరుసును కోసేసింది. అక్కడి నుంచి ఆయిలు పొగగొట్టంలోకి కారింది. తేనెపట్టు దిమ్మెను కూడా చూపించాడు. సగం సందులు నల్లగా పూడిపోయాయి, కొన్నిచోట్ల కరిగి అంటుకున్నాయి. జర్కుతో స్టార్టు చేసినప్పుడల్లా కాలని పెట్రోలు దీనిలోకి పోయి మండినట్టుందన్నాడు. ఇక ఇది ఏ విషాన్నీ విరవదు. ఇది బండి లోపం కాదు, తోలినవాడి లోపం గనక కంపెనీ పూచీ పడదనీ, ఆ మాట మీ డ్రైవరే నోరారా చెప్పాడనీ ముగించాడు.

బాలచంద్ర దొరస్వామిని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

“ఇంజను ఆపి దిగతాడా? నాకు తెలీదే. నేను వెనకల నిద్దరపోతా గదా.”

ప్రతి శనివారం గేటు దాటి చప్పుడు ఆగగానే, వెనక సీట్లో నుంచి బాలచంద్ర పక్కవాళ్ళ మోచెయ్యి తట్టి, ఇప్పుడు చెవులు పెట్టి వినండి, ఏమన్నా వినబడుతోందా అని అడిగేవాడు. ఆ మాట దొరస్వామి నాలుక కొస దాకా వచ్చింది. బాలచంద్ర అతని వైపే చూస్తున్నాడు. దొరస్వామి నేల చూశాడు. తెల్లటి నేల మీద అతని చెప్పుల ముద్రలు పడి ఉన్నాయి.

బాలచంద్ర బాడుగ కారులో చిత్తూరు వెళ్ళాడు. దొరస్వామిని బస్సులో రమ్మన్నాడు.

కారు బాగై వచ్చిన రోజున దాన్ని తెచ్చింది నరేంద్ర. లారీ ఇంకొకరికి ఇచ్చి, కారు తాళం అతనికి ఇచ్చారు. దొరస్వామిని మాత్రం పనిలో నుంచి తీయలేదు. ఇంకొకరైతే ఆ రోజే గెంటేసేవారనీ, అయ్యది పెద్ద మనసనీ వంటమనిషి నాగవేణి చెంగమ్మతో అన్నది.

చెడిపోయిన టర్బోను బాలచంద్ర అడిగి తెప్పించుకుని, తుడిపించి, పోర్టికోలో టీపాయి మీద పెట్టించాడు. మొదట వచ్చిన చుట్టాలు అదేమిటని అడిగారు. బాలచంద్ర దొరస్వామిని పిలిచి, మద్రాసులో చెప్పిన కథ చెప్పమన్నాడు. దొరస్వామి చేతులు కట్టుకుని, కొండ మీద ఇంజను ఆపినాను, తప్పయింది అన్నాడు.

“అట్ల గాదబ్బా. ఆ అరవాయనకు ఎట్ల జెప్పినావో అట్ల. చేతులు గూడా తిప్పు.”

దొరస్వామి చేతులు తిప్పుతూ చెప్పాడు. శనివారమన్నా తప్పుతుంది గానీ నేను తప్పను అన్నచోట చుట్టాలు పగలబడి నవ్వారు. వాళ్ళు వెళ్ళిపోయాక బాలచంద్ర లోపలికి పోతూ, బాగా చెప్పినావు, తాళం సంగతి సూస్తాంలే అన్నాడు.

ఆ ఒక్క మాట పట్టుకుని దొరస్వామి పొద్దున్నే వచ్చేవాడు. కారు కడిగేవాడు. తాళం నరేంద్ర జేబులో ఉన్నంతసేపూ ఆ జేబు వైపు చూసేవాడు. ఎవరన్నా వస్తే పిలుపు వచ్చేది. బ్యాంకువాళ్ళు వచ్చారు, తోటల వాళ్ళు వచ్చారు, గూడూరు నిమ్మకాయల పెద్దాయన ఆ కథ వినడానికే ఒకసారి వచ్చాడు. చెప్పగా చెప్పగా దొరస్వామికి ఎక్కడ నవ్వుతారో తెలిసిపోయింది. ఆ చోటికి వచ్చేముందు తనకు తెలియకుండానే కొంచెం ఆగేవాడు. మలుపులో ఒళ్ళు వంచడం ఎక్కువ చేస్తే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ తరవాత అలాగే వంచసాగాడు. కథ అయ్యాక రుమాలు పట్టేది కూడా అతనే. కొత్త దిమ్మె వేశారు గనక రుమాలు మళ్ళీ తెల్లగానే వచ్చేది.

నరేంద్ర కారు తెచ్చి పోర్టికోలో ఆపినప్పుడల్లా ఇంజను తిరగనిస్తూ, స్టీరింగు మీద వేళ్ళతో మెల్లగా తాళం వేస్తూ, నోట్లోనే జోజో అని కూనిరాగం తీసేవాడు. అద్దం తుడుస్తున్న దొరస్వామికి వినబడేంత మాత్రమే తీసేవాడు.

మామిడి సీజను అయిపోయాక బాలచంద్ర మనవరాలికి పుట్టువెంట్రుకలు తీయించాలని పెద్దవాళ్ళు ముహూర్తం చూశారు. ఆదివారం వియ్యాలవారితో కలిసి కొండకు ప్రయాణం. శుక్రవారం సాయంత్రం బాలచంద్ర అందరినీ పోర్టికోలోకి పిలిచి ఎవరు ఏ బండిలో రావాలో చెప్పాడు. నరేంద్ర కారు తోలుతాడు. మిగిలినవాళ్ళకు వ్యాను. దొరస్వామి పేరు రాలేదు. అందరూ కదులుతుండగా ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగాడు.

“దొరస్వామీ, బండ్లల్లో తావు లేదు. నువ్వు మెట్లదోవన వచ్చెయ్. మేం పైకి వచ్చేసరికి పార్కింగు కాడ నిలబడి ఉండాల. చెయ్యి పైకెత్తి పెట్టుకో. నువ్వు చెయ్యి దించినాకనే నరేంద్ర ఇంజను ఆపతాడు. వియ్యంకులోళ్ళు సూడనీ.”

చాలా నెలల తరవాత దొరస్వామి ఆయనను ఒక మాట అడిగాడు.

“దిగేటప్పుడు, అయ్యా?”

“దిగేటప్పుడా?” బాలచంద్ర నరేంద్ర వైపు చూశాడు. ఈసారి పళ్ళు కనబడేట్టే నవ్వాడు. “దిగేటప్పుడు తాళం సంగతి సూస్తాం.”

ఇంటికి వచ్చేసరికి ఆ మాట చెంగమ్మకు నాగవేణి ద్వారా చేరిపోయి ఉంది. అన్నం పెట్టింది. అతను తింటున్నంతసేపూ గోడకు ఆనుకుని నిలబడింది. అతను చెయ్యి కడుక్కుని లేవబోతే మోకాలు పట్టేసింది. గూట్లో చెయ్యి పెట్టి మెల్లగా లేచాడు. అప్పుడు ఆమె నోరు విప్పింది.

“ఆ తాళం నీకు ఇయ్యడయ్యా. ఇయ్యడని ఆయనకు తెలుసు, నాకు తెలుసు, ఆ నరేంద్రకూ తెలుసు. నీకూ తెలుసు. బ్లేళ్ళు అమ్ముకుని బతికేవాళ్ళు బతకతానే ఉండారు గదా తిరపతిలో.”

దొరస్వామి తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. మంచం మీద కూర్చుని కుడికాలు చాచి, రెండు బొటనవేళ్ళతో మోకాటి చిప్ప చుట్టూ నొక్కుకున్నాడు.

“ఆదివారం తెల్లారకముందే అలిపిరిలో మెట్లెక్కతా. కారు కంటే ముందు పైనుండాల,” అన్నాడు. “మోకాటికి చుట్టుకునే గుడ్డ యాడుందో తీసిపెట్టు.”